స్వస్థత లేని సాక్ష్యం

"ఇంగోసారి పెట్టు," అన్నాడు ఏసురాజు.

అప్పటికే రెండుసార్లు విన్నారు. పడసాలలో స్టూలు మీద కొడుకు శామ్ ఫోను పెడితే, పెద్దాయన ఏసురాజు చేతులు కట్టుకుని, ఆయన భార్య ఓబులమ్మ నడుం మీద చేతులేసుకుని, ఇద్దరూ కోడలి మొహంలోకి చూస్తూ విన్నారు. కోడలు ఆరాధన తలుపు పక్కన నిలబడి ఉంది. ఆమె నాలుగేళ్ల కూతురు జెమీమాను అన్నం తినగానే పక్కింటికి తోలేశారు. అంటే ఈ పంచాయితీ ఇప్పట్లో తెమిలేది కాదని అర్థం.

శామ్ ఎవరి మొహమూ చూడకుండా ఫోను మీద వేలు పెట్టాడు.

"దేవునికి స్తోత్రం. సంఘానికి వందనాలు," అంది ఫోనులోంచి ఆరాధన గొంతు. వెంటనే చిన్న నవ్వు. "అయ్యో, అలవాటుకొద్దీ వచ్చేసినాది భువనక్కా. మైకు ముందర నాకు వేరే మాట రాదు. నాది కర్నూలు జిల్లా. పేరు వద్దులే. రెండేండ్ల సంది నాకు బాగలేదు. ఒంటికి కాదు, మనసుకు. కర్నూల్లో డాక్టరు దాన్ని డిప్రెషన్ అన్నాడు. మాత్రలు మింగుతాండా. నీ మాటలు వింటాండా. ఈ పొద్దు లేచి మొహం కడుక్కున్నావా, అయితే ఈ పొద్దుకు అది చాలు అంటావు చూడు, మా ఇంట్లో అట్ల అనేటోళ్లు లేరక్కా. ఇంగా ఏంటికి కడుక్కోలేదు అని అడిగేటోళ్లు శానామంది ఉండారు."

ఓబులమ్మ పళ్లు కొరికిన శబ్దం ఫోను కంటే గట్టిగా వినబడింది.

"ఇంగొక సంగతి. మా ఇంట్లో నాకంటే ముందర ఒకామె ఇట్లనే ఉండెనంట. మా ఆయనకు అక్క. బావిలో జారి పడినాదని ఊరంతా అంటారు. జారలేదంట. ఆమె పేరు మా ఇంట్లో ఎవురూ ఎత్తరు. ఆమెకు ఇట్ల చెవిలో మాట్లాడేటోళ్లు ఉండింటే ఎట్లుండునో. నేను రోజూ అనుకుంటా, నువ్వు పోయినావు గానీ నేనుండా అని. అంతే అక్కా. వందనాలు."

అక్కడితో ఆగిపోయింది.

'కాసేపు కూర్చో' అని ఒక పాడ్‌కాస్ట్. భువన అనే ఆమె ప్రతి శనివారం సాయంత్రం మనసు బాగాలేని వాళ్లతో అరగంట మాట్లాడుతుంది. చివర్లో 'మీ గొంతు' అని, వినేవాళ్లు రికార్డు చేసి పంపిన మాటలు వినిపిస్తుంది. ఆరాధన పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. అన్ని జాగ్రత్తలూ తీసుకున్న మనిషి మొదటి మాట దగ్గరే పట్టుబడింది. వాళ్ల సంఘంలో ఎవరు మైకు ముందుకు వచ్చినా ముందు స్తోత్రం, తర్వాత వందనాలు. పాలు తాగే పిల్ల కూడా మైకు చూస్తే వందనాలు అనే ఊరు అది. రికార్డు చేసే ఎర్రటి బొత్తం నొక్కగానే ఆరాధన నోరు దాని దారిన అది పోయింది.

కడపలో ఉండే ఆడబిడ్డ సువార్తకు ఎవరో పంపారు. ఆమె వదినగారి గొంతు గుర్తుపట్టి, ఆ ముక్క ఒక్కటే కోసి, ఇంటి గ్రూపులో వేయబోయి సంఘం గ్రూపులో వేసింది. రెండు నిమిషాల్లో చెరిపేసింది. రెండు నిమిషాలు చాలవా! నోట్లో నువ్వుగింజ నానని ఊళ్లో మధ్యాహ్నానికల్లా దేవాలయం అటెండరు కూడా విన్నాడు.

"ఎవురి గొంతిది?" అన్నాడు ఏసురాజు.

"నాదే మామా."

"నాదే మామా!" ఓబులమ్మ అందుకుంది. "ఎంత తీరుబడిగా ఒప్పుకుంటాండాదో చూడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతాదని నీకు మీ అమ్మ చెప్పలేదా మే? మేం నీకు కూడు పెట్టలేదా, గుడ్డ పెట్టలేదా? మొహం కడుక్కోమని చెప్పడం కూడా తప్పయిపోయినాదా?"

"నువ్వుండు," అన్నాడు ఏసురాజు. ఆయన గొంతు పెంచడు. ఇరవై రెండేళ్లుగా సంఘపెద్ద. తగవులు తీర్చీ తీర్చీ ఆయన గొంతుకు ఒక కొలత వచ్చింది. "ఆరాధనా, నేనొకటి అడుగుతా చెప్పు. సాక్ష్యం ఎప్పుడు చెప్తారు? రోగం వచ్చినప్పుడా, పోయినాకనా?"

"పోయినాక."

"నీకు పోయినాదా?"

"లేదు మామా."

"మరి ఎవుర్ని అడిగి చెప్పినావు?"

ఆ సంఘంలో మైకు ముందు చెప్పుకోని పాపం లేదు. తాగి తాగి పెళ్లాం తాళి తాకట్టు పెట్టిన వాడు చెప్పాడు. అన్న చేను గట్టు జరిపిన వాడు కన్నీళ్లతో చెప్పాడు. ఎవరూ ఎవరినీ వెలివేయలేదు, పైగా చప్పట్లు కొట్టారు. ఒకటే షరతు. కథ జయంతో ముగియాలి. మధ్యలో ఉన్న కథను పట్టుకుని మైకు దగ్గరికి వచ్చే హక్కు ఎవరికీ లేదు.

"అది పోనీ," అన్నాడు ఏసురాజు. "తలకాయ బాగలేక వాగినావనుకుంటా. బావి మాట నీకు ఎవురు చెప్పినారు?"

శామ్ తలెత్తి చూశాడు.

అసలు రగడంతా ఆ ఒక్క మాట గురించే. పదకొండేళ్ల కింద ఆ ఇంటి పెద్దకూతురు సంపూర్ణ చేని బావిలో శవమై తేలింది. ఆ సంఘానికి పాత కట్టడి ఒకటి ఉంది. తన ప్రాణం తానే తీసుకున్న మనిషికి ప్రార్థన లేదు, సమాధుల తోటలో చోటు లేదు. గోడ అవతల, తుమ్మచెట్ల మధ్య పూడ్చాలి. ఏసురాజు సంఘం ముందు నిలబడి నా బిడ్డ నీళ్లు తోడబోయి జారి పడింది అని చెప్పాడు. పెద్దమనిషి మాట. ఎవరూ మారు అడగలేదు. పిల్లకు గోడ లోపల చోటు దొరికింది. ఆ మర్నాటి నుంచి ఇంట్లో ఆ పేరు వినిపించలేదు.

"అడిగినా నిన్నే. ఎవురు చెప్పినారు?"

"ఎవురు చెప్తారు!" ఓబులమ్మ మళ్లీ అందుకుంది. "ఎవురూ చెప్పలే. ఆ చెవిలో ఎప్పుడూ ఒకటి దోపుకోని ఉంటాది గదా, అది చెప్పింటాది. ఊరూ పేరూ లేని మనిషి చెవిలో కూర్చోని లేనిపోనివన్నీ నూరి పోస్తాండాది. నా బిడ్డ మీద ఇంత మాట అంటావా మే? నీ నోట్లో పురుగులు పడా!"

ఆరాధన అత్త వైపు చూసింది. ఓబులమ్మ చూపు తిప్పుకుంది.

దొంగే దొంగ దొంగ అని అరిచినట్టు. బావి మాట చెప్పింది ఓబులమ్మే.

పోయిన ఏడాది ఆరాధన బర్రెకు గడ్డి కోద్దామని కొడవలి పట్టుకుని ఆ బావి వైపు పోయింది. గడ్డి కోసం తప్ప ఆమె మనసులో ఆ పూట ఇంకే ఆలోచనా లేదు. అరగంటకు ఓబులమ్మ చెప్పులు కూడా లేకుండా రేగడి చేలో పడీ లేచీ పరుగెత్తుకుంటూ వచ్చింది. వచ్చీ రాగానే కోడలి చెంప పగలగొట్టింది. తర్వాత గట్టు మీద కూలబడి రొప్పుతూ అంతా చెప్పింది. పిల్ల ఆరు నెలలు సరిగా తినలేదని, మూలన కూర్చునేదని, సోమరితనమని తనే తిట్టానని, ఆ రోజు పొద్దున కూడా తిట్టానని. లేచి పోతూ, "ఇంగ ఈ మాట నీ నోట్లోంచి వచ్చిందంటే నాలిక కోస్తా," అంది.

అదీ ఆ అత్తా కోడళ్ల మధ్య జరిగిన ఒకే ఒక్క మంచి మాట.

"చెప్పవా?" అన్నాడు ఏసురాజు.

"చెప్పను మామా."

"సరే. చెప్పొద్దు. రేపు ఆదివారం సాక్ష్యాల వేళ నిన్ను పిలుస్తారు. పాస్టరు లేవి అయ్యగారితో మాట్లాడినా. రెండు మాటలు చెప్పు, వచ్చి కూర్చో. ఒకటి, ఆ గొంతు నాది కాదు. గిట్టనోళ్లు ఎవురో కంప్యూటర్లో నా గొంతు తయారుచేసినారు. ఇప్పుడు అట్ల చేస్తాండారు, పేపర్లో కూడా వచ్చినాది. రెండు, మూడు శుక్రవారాల ఉపవాస ప్రార్థనతో నాకు స్వస్థత అయినాది, ఇంగ మాత్రలు అక్కర్లేదు."

"కంప్యూటరు వందనాలు కూడా చెప్తాదా మామా?"

వెటకారానికి అనలేదు. నిజంగానే అనుమానం వచ్చి అడిగింది. కానీ ఏసురాజు మొహం నల్లబడింది.

"చెప్తాది. నీకంటే పద్ధతిగా చెప్తాది."

"నేను చెప్పకపోతే?"

"మద్యాన్నం బస్సుకు మైదుకూరు పో, మీ అమ్మగారింటికి. పిల్ల ఈడ్నే ఉంటాది. నాకు బాగలేదని నీ నోటితో నువ్వే లోకానికంతా చెప్పుకున్నావు. అట్లాంటి తల్లి చేతికి పిల్లను ఎవురిస్తారు? ఆలోచించుకో. ఆ గొంతు నీది కాకపోతే పిల్ల నీదే. గొంతు నీదయితే పిల్ల నీది కాదు."

ఆరాధన శామ్ వైపు చూసింది. కోడుమూరులో బోరు మోటార్లకు వైండింగ్ చేసే మనిషి. కాలిపోయిన మోటారు ఏదైనా చెవి దగ్గర పెట్టుకుని, లోపల ఏం పోయిందో చెప్పగలడని పేరు. ఆ మనిషి స్టూలు మీది ఫోను తీసి జేబులో వేసుకున్నాడు. భార్య దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు.

"నీ ఫోను కూడా తే."

ఇచ్చింది. చెవిలో పెట్టుకునే తీగ కూడా చుట్టి ఇచ్చింది.

సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని జొన్నపిండి కలిపింది. శనివారం, భువన మాట్లాడే వేళ. మామూలుగా అయితే ఎడమ చెవిలో భువన, కుడి చెవి ఇంట్లో వాళ్ల పిలుపులకు. తీగ కనబడకుండా తల మీద కొంగు. ఆ ఏర్పాటుతోనే ఏడాదిన్నరగా రొట్టెలు తడుతోంది. అంతకు ముందు, పిండిముద్ద ముందు కూర్చుని దాన్ని చేతిలోకి తీసుకోలేక గంటసేపు ఏడ్చిన రోజులున్నాయి. భువన ఆమెకు మందూ చెప్పలేదు, మంత్రమూ చెప్పలేదు. నేను డాక్టరును కాను, మీ మాత్రలు మానకండి అని ప్రతి వారం చెప్పేది. తనకు బాగాలేని రోజుల గురించి చెప్పేది. అనంతపురంలో ఒకరు, ఆదోనిలో ఒకరు, దుబాయిలో ఒకరు అచ్చం నీలాగే లేవలేక పడుకున్నారు, అయినా ఈ పూట నా మాట వింటున్నారు అనేది. అది వింటే ఆరాధనకు చెయ్యి కదిలేది. అంతే, ఇంకేం లేదు. ఇప్పుడు ఎడమ చెవి ఖాళీగా ఉంది. రొట్టె తడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ చప్పుడు వింటుంటే ఆమెకు భయమేసింది.

శామ్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నా గురించి చెప్పుకోవల్సింది. మొగుడు చేతగానోడని చెప్పు, కొట్టినాడని చెప్పు. మా అక్క ఏం చేసినాది నీకు?"

"ఏమీ చేయలే."

"మరి ఏంటికి లాగినావు? చచ్చినోళ్ల మీద ఏడ్చి నువ్వు బాగుపడతావా?"

"ఆమె పేరు కూడా నువ్వు నాకు చెప్పలే. పెండ్లయి ఆరేండ్లు. ఇంట్లో ఒక ఫోటో అన్నా లేదు."

"చెప్తే ఏమైతాది? వస్తాదా?" అన్నాడు శామ్. "నేను అప్పుడు కర్నూల్లో ఐటీఐ చదువుతాండా. వచ్చేసరికి పెట్టెలో పెట్టేసినారు. జారి పడినాదని నాయన చెప్పినాడు. అయ్యగారు ప్రార్థన చేసినాడు. నా చేత్తో మన్ను వేసినా. జారకపోయింటే లోపల మన్ను వేయనిస్తారా? నీకు చెప్పినోళ్ల పేరు చెప్పు. ఒక్క పేరు. నేనే పోయి అడుగుతా."

వాకిట్లో ఓబులమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. ఆమె వేళ్లు ఆగిపోవడం ఆరాధనకు కనబడింది.

"చెప్పను."

"అయితే అది అబద్ధం."

"అబద్ధమనే అనుకో."

శామ్ జేబులోంచి మాత్రల అట్ట తీసి గూట్లో విసిరినట్టు పెట్టాడు. "మింగి పడుకో. పొద్దున లేచి మా నాయన చెప్పింది చెప్పు. పీడా పోతాది."

తెల్లవారి కొళాయి దగ్గర బిందె పెట్టి ఆరాధన మొహం కడుక్కుంటోంది. ఓబులమ్మ ఇంకో బిందె తెచ్చి దబ్బున పక్కన పెట్టింది.

"నా పేరు ఎత్తుతావా?"

"ఎత్తేదాన్నయితే నిన్ననే ఎత్తేదాన్ని గదా అత్తా."

"నీ మంచితనం నాకొద్దు. నాకు మాట కావల్ల. ఆ గొంతు నాది కాదని చెప్పు. మీ మామ నన్ను గడప దాటిస్తాడని భయం కాదు నాకు. నలభై ఏండ్లు పడినా, ఆ మాట కూడా పడతా. ఆ లేవి అయ్యగారు కట్టడి మనిషి. జారలేదని తేలిందనుకో, నా బిడ్డను తవ్వి గోడ అవతల వేయమంటాడు. అప్పుడేం చేస్తావు నువ్వు? నీ భువన వచ్చి అడ్డం పడుకుంటాదా?"

ఆరాధన చేతిలో నీళ్లు చేతిలోనే ఉండిపోయాయి. ఆ సంగతి ఆమెకు తట్టనేలేదు. ఒక మనిషిని తలుచుకోవడం అనుకుంది గానీ, ఆ మనిషి పడుకున్న చోటును కదిలించడం అనుకోలేదు.

బిందె నిండింది. ఓబులమ్మ ఎత్తుకోలేదు.

"ఆ యమ్మ ఏమన్నాది?" అంది నేల చూపులు చూస్తూ.

"ఎవురు?"

"అదే, నీ చెవిలో ఆమె. నా బిడ్డ మాట విని ఏమన్నాది? ఫోనులో నీ మాట అయిపోతానే ఆగిపోయినాది."

"సువార్త కోసేసినాది ఆ ముక్క. భువనక్క అన్నాది, ఆ అమ్మాయి పేరు నాకు తెలీదు, తెలిసుంటే పేరు పెట్టి పిలిచేదాన్ని, పేరు పలికితే పోయినవాళ్లకు మర్యాదే గానీ తక్కువతనం కాదు అని."

ఓబులమ్మ బిందె చంకనెత్తుకుంది. సగం నీళ్లు చీర మీద ఒలికిపోయాయి.

"దానికేం తెలుసు, దాని బొంద. కని పెంచినాదా?" అంటూ వెళ్లిపోయింది.

పదిన్నరకు దేవాలయంలో ఆదివారం ప్రార్థన మొదలైంది. ఆ రోజు జనం పండగప్పటి కంటే ఎక్కువ ఉన్నారు. వాక్యం మీద అంత ఆకలి ఎందుకు పుట్టిందో అందరికీ తెలుసు. ముందు వరుస కుర్చీలో ఏసురాజు, తెల్ల చొక్కా మీద తెల్ల తువ్వాలు. మగవాళ్ల మధ్యలో ఎక్కడో శామ్. ఆడవాళ్ల చాపల మీద చివరన ఓబులమ్మ, ఆమె ఒళ్లో జెమీమా. ఆరాధన పిల్లను తన పక్కన కూర్చోబెట్టుకోబోతే ఓబులమ్మ లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. అది మామ ఏర్పాటో, అత్త ఏర్పాటో ఆరాధనకు అర్థం కాలేదు.

ఇద్దరు సాక్ష్యం చెప్పారు. ఒకాయనకు తప్పిపోయిన ఎద్దు దొరికింది. ఒకామె కొడుకుకు కంపెనీలో పని దొరికింది. ఎవరూ సరిగా వినలేదు.

"మన సంఘపెద్ద కోడలు," అన్నాడు లేవి అయ్యగారు.

ఆరాధన మైకు దగ్గరికి వెళ్లి వందనాలు చెప్పింది. రెండు మాటలు. గొంతు నాది కాదు, స్వస్థత అయింది. రాత్రంతా అవి నోట్లో తిప్పుకుంది. మొదటిది మొదలుపెట్టబోతే ఆమెకు ఒకటే తోచింది. ఈ గొంతు ఒక్కటే రెండేళ్లుగా తనది అనిపించిన వస్తువు. దాన్ని కూడా ఇచ్చేస్తే రేపు జెమీమాను ఏ గొంతుతో పిలవాలి?

"ఆ గొంతు నాదే," అంది. "కంప్యూటరుది కాదు. నాకు స్వస్థత కాలే. మూడు శుక్రవారాలు ఉపవాసముండినా. ఆకలైనాది గానీ స్వస్థత కాలే. దేవుడు చేయడని కాదు, ఇంగా చేయలే. చేసేదాకా మాత్రలు మింగుతా, ఆమె మాటలు వింటా. ఈ పొద్దు లేచి మొహం కడుక్కున్నా. నిన్న కూడా కడుక్కున్నా. అదే నా సాక్ష్యం."

వెనకాల ఒక ముసలామె అలవాటు కొద్దీ "స్తోత్రం" అనేసి నాలుక కరుచుకుంది. గుసగుసలు లేచాయి. ఏసురాజు భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"కూర్చోవద్దమ్మా," అన్నాడు లేవి అయ్యగారు. "గొంతు నీదని ఒప్పుకున్నావు, సంతోషం. అందులో బావి మాట ఒకటి ఉండాది."

"ఆ మాట ఈడ వద్దయ్యగారూ," అన్నాడు ఏసురాజు.

"నేను అడగడంలేదు పెద్దాయనా, సంఘం అడుగుతాండాది. ఈ కట్టడి నేను పెట్టింది కాదు. నేను వచ్చినాకనే ఇద్దరికి గోడ అవతల గుంత తీయించినా. వాళ్ల తల్లులు కూడా ఈడ్నే కూర్చున్నారు. వాళ్లకు ఒక న్యాయం, మీకు ఒక న్యాయమా? చెప్పమ్మా. నువ్వన్న మాట నిజమా?"

ఆరాధన ఆడవాళ్ల వైపు చూసింది. ఓబులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, తల అడ్డంగా ఊపుతూనే ఉంది. ఒళ్లో పిల్లను గట్టిగా పట్టుకుంది.

"నిజం కాదు," అంది ఆరాధన. "నేనే కల్పించినా. నాకు ఎవురూ చెప్పలే. ఆమె జారే పడినాది."

అనగానే ఆమెకు లోపల దుఃఖం పొంగుకొచ్చింది. ఏడాదిగా నేనుండా, నేనుండా అని రోజూ మాట ఇచ్చిన మనిషిని పది మంది ముందు తనే ఇంకోసారి నీళ్లలోకి తోసేసినట్టు అనిపించింది.

"స్తోత్రం!" ఏసురాజు లేచి నిలబడ్డాడు. "విన్నారు గదా అందరూ. మతి సరిగా లేని పిల్ల. తెలీక వాగినాది. మద్యాన్నం బస్సుకు వాళ్ల అమ్మగారింటికి తోలుతాండాం. బాగయినాక చూద్దాం."

"అబద్ధం!"

ఓబులమ్మ లేచింది. పిల్లను పక్కామె ఒళ్లోకి తోసి, చాపల మీద కూర్చున్నవాళ్లను దాటుకుంటూ వచ్చింది. కొంగు జారింది, సర్దుకోలేదు. మైకు దగ్గరికొచ్చి కోడలి భుజం పట్టుకుని పక్కకు లాగింది.

"ఎంత బాగా వస్తాండాది మే నీ నోటికి అబద్ధం! దేవుని ముందర నిలబడి ఇంత అబద్ధమా?"

ఆడవాళ్లలో ఇద్దరు ముగ్గురు మొహాలు చూసుకుని నవ్వుకున్నారు. అత్త జుట్టు పట్టుకుంటుందనే అనుకున్నారు. ఏసురాజు కూడా అట్లాగే అనుకుని, "ఓబులమ్మా, వచ్చి కూర్చో," అన్నాడు.

"నేను కూర్చోను. పదకొండేండ్లు కూర్చున్నా," అంది ఓబులమ్మ మైకులో. "నా సంపూర్ణ జారలే. ఈ పిల్లకు చెప్పింది నేనే. దానికి బాగలేదని నాకు తెలీక, సోమరిదని తిట్టి తిట్టి పంపింది కూడా నేనే. లేవి అయ్యగారూ, మీ కట్టడి నాకు తెలుసు. తవ్వేటోళ్లెవురో పార పట్టుకుని రాండి. నేను పోయి దాని మీద కూర్చుంటా."

ఏసురాజు మైకు ఆపమని చెయ్యి ఊపాడు.

మగవాళ్ల వైపు నుంచి మొదట లేచింది శామ్. వచ్చి తల్లికీ భార్యకీ మధ్య నిలబడి, "అమ్మా, నీ పక్కన నేనూ కూర్చుంటా," అన్నాడు.